ఎవరెప్పుడు తిన్నారు

మూడు రోజుల్లో పదకొండు దుప్పట్లు ఉతికాను. వాటిలో రెండు నావే. మిషన్లో వేసేముందు ఒకసారి చేత్తో జాడించకపోతే వాసన వదలదు. బాత్రూంలో వంగితే కళ్ళు తిరిగేవి. గోడ పట్టుకుని నిలబడి, కాసేపాగి, మళ్ళీ వంగేదాన్ని. నాకూ వాంతులయ్యాయన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. గుర్తుచేసే ఓపిక నాకూ లేదు.

మూడోరోజు మా అత్తగారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. సెలైన్ ఎక్కించిన చేతిమీద దూది అలాగే అంటుకుని ఉంది. సోఫాలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్ది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఇచ్చాను. ఒక గుక్క తాగి, నా మొహంలోకి చూసి అంది:

"అంత పెద్ద చదువు చదువుతున్నావు కదా అమ్మాయ్, కూర చెడిపోయిందో లేదో తెలుసుకోలేకపోయావా?"

గ్లాసు అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం మా మామగారి డెబ్బయ్యో పుట్టినరోజు. "దగ్గరివాళ్ళనే పిలుద్దాం" అన్నారు మా ఆయన. దగ్గరివాళ్ళు మాతో కలిపి నలభై ఒక్కమంది తేలారు. భోజనం బయట్నుంచి తెప్పిద్దామంటే, "ఇంతమంది ఆడవాళ్ళుండగా బయటి తిండా?" అన్నారు మామగారు. క్లాసు మానుకుని పొద్దున్న నాలుగున్నరకి లేచాను. అన్నం, కోడికూర, రెండు రకాల కూరగాయలు, పెద్ద గిన్నెడు పళ్ళు కలిపిన కస్టర్డు. ఒంటిగంటకి మగవాళ్ళూ పిల్లలూ తిన్నారు. రెండింటికి, వచ్చిన చుట్టాల్లో ఆరుగురు ఆడవాళ్ళు తిన్నారు. ఆ తర్వాత పళ్ళేలు తీసి, బల్ల తుడిచి, కాఫీలిచ్చి, వెళ్ళేవాళ్ళని గుమ్మందాకా సాగనంపి, వడ్డించిన తొమ్మిదిమందిమీ వంటింట్లో చతికిలబడేసరికి నాలుగున్నర దాటింది. అప్పటికి ఆకలి చచ్చిపోయింది. "ఏదో ఇంత గతుకుదాం పట్టండి" అంది అత్తగారు. ఏడు కాకముందే మా తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూంలోకి పరిగెత్తింది. ఎనిమిదిన్నరకల్లా ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది పడకేశారు. అత్తగారు బాత్రూం గుమ్మంలోనే కూలబడిపోయింది.

"మేం పదిహేడుమంది మగాళ్ళం అదే తిండి తిన్నాం, గుండ్రాళ్ళలా ఉన్నాం. ఆడవాళ్ళకి అరుగుదల తక్కువ" అని మా ఆయన ఎవరికో ఫోన్లో చెబుతుంటే వినపడింది. పది నిమిషాలయ్యాక గదిలోకొచ్చి నన్నడిగారు: "కూర సరిగ్గా ఉడికించావా అసలు?" రెండు మాటలూ ఒకే నోటితో. అరుగుదల తప్పయితే నా వంట తప్పెలా అవుతుంది, నా వంటే తప్పయితే మగాళ్ళెలా గట్టెక్కారు, అని అడగాలనిపించింది. అడగాలంటే లేచి కూర్చోవాలి. అటు తిరిగి పడుకున్నాను.

మర్నాటికి ఇంటిల్లిపాదీ ఒక తీర్పుకొచ్చేశారు. కారణం కూర కూడా కాదు, నా చదువు. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, చల్లగా అంది: "పుస్తకం ఎదురుగా పెట్టుకుని వంట చేస్తే అంతే మరి." నిజమే, డబ్బాల మధ్య నోట్సు నిలబెట్టుకున్నాను. ఆ వారంలో పరీక్ష ఉంది.

నేను పట్టణ ఆరోగ్య కార్యాలయంలో పదహారేళ్ళుగా నర్సుని. టీకాలు వేస్తాను, రిజిస్టర్లు నింపుతాను. ఏళ్ళ తరబడి నింపిన ఆ రిజిస్టర్లు పైకి వెళ్ళి ఏమవుతాయో తెలుసుకోవాలనిపించి, కిందటేడాది ప్రజారోగ్యంలో పీజీలో చేరాను. శని, ఆదివారాలు క్లాసులు. అందులో నాకు ప్రాణం ఎపిడెమియాలజీ. జబ్బు ఎవరికొచ్చింది, పక్కనే ఉన్నవాళ్ళకి ఎందుకు రాలేదు అని ఆరా తీసే చదువు. "నలభై దగ్గర పడ్డాక పలకా బలపమా" అని నవ్వి, మా ఆయన సరే అన్నారు. ఆ సరే నాకు చాలా ఖరీదైన సరే. ఉప్పు తక్కువైతే చదువు. చొక్కా గుండీ ఊడితే చదువు. మా అమ్మాయి జ్వరంతో బడి మానేస్తే చదువు. ఆఫీసులో అయితే మీటింగ్ మొదలయ్యేముందు మా ఆఫీసరు, "స్టూడెంటుగారూ, కాస్త టీల సంగతి చూడండి" అంటాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు కుర్చీల్లోంచి కదలరు. నేను లేచి వెళ్తాను. లేవనని చెప్పడానికి పట్టే శ్రమ కంటే టీ కలపడానికి పట్టేది తక్కువ. ఇలా తక్కువ శ్రమ చూసుకుంటూనే ఇంతదూరం వచ్చానేమో.

"ఈ ఏడాదికి మానెయ్" అన్నారు మా ఆయన శుక్రవారం, బూట్లు విప్పుకుంటూ. "నిన్ను చదవొద్దనట్లేదు. అమ్మ పరిస్థితి చూశావుగా. ఇల్లు ముందు."

నాకు కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. హాయిగా అనిపించింది. శనివారం పొద్దున్న ఏడు దాకా పడుకోవచ్చు. బస్సులో నిలబడి నోట్సు చదవక్కర్లేదు. ఎవరికీ ఏమీ రుజువు చెయ్యక్కర్లేదు. ఒక సంతకం చేస్తే ఎంత నిద్ర దొరుకుతుందో లెక్క వేసుకుంటూ, మానేస్తున్నానని చెప్పడానికే శనివారం కాలేజీకి వెళ్ళాను.

మాకు ఎపిడెమియాలజీ చెప్పే మేడం యాభై దాటిన మనిషి. మాటలో తీపి ఉండదు. నన్ను చూడగానే, "పిండేసిన బట్టలా ఉన్నావేంటి?" అంది. జరిగింది చెప్పాను. అయ్యో అంటుందనుకున్నాను. సొరుగులోంచి తెల్లకాగితం లాగింది.

"ఎంతమంది తిన్నారు?"

"నలభై ఒక్కమంది."

"పడిపోయింది?"

"ఎనిమిదిమంది. అందరూ ఆడవాళ్ళే."

ఆవిడ పెన్ను ఆగింది. "మీ ఇంట్లో ఏమంటున్నారు?"

"ఆడవాళ్ళకి అరుగుదల తక్కువంటున్నారు."

"క్రిములకి చీరా ప్యాంటూ తేడా తెలీదమ్మా. ఆ ఎనిమిదిమందికీ మిగతావాళ్ళకీ మధ్య ఏదో తేడా ఉంది. అదేంటో పట్టుకురా. ఈసారి నీ ప్రాజెక్టు అదే."

మానేస్తున్నానని చెప్పడానికి తెరిచిన నోటితో, "సరే మేడం" అన్నాను.

వారం రోజులు, ఆఫీసు భోజన విరామంలో ఫోన్లు చేశాను. అందరికీ మూడే ప్రశ్నలు. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఒంట్లో ఎప్పుడు తేడా చేసింది. మగవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఏం పెడితే అది తిన్నాం." ఆడవాళ్ళ సంగతి వేరు. మా పిన్నత్తగారిని, "మీరేం తిన్నారండీ?" అంటే, "మీ చిన్నమామగారు కూర రెండుసార్లు వేయించుకున్నారమ్మా, పెద్దాడు కూరగాయలు ముట్టుకోలేదు" అని మొదలుపెట్టింది. "మీరు?" "నేనా..." అని చాలాసేపు ఆలోచించింది. పక్కవాళ్ళ పళ్ళెంలో ఏముందో మెతుకు మెతుకూ గుర్తున్న మనిషికి తన పళ్ళెం గుర్తు రాలేదు. నన్నెవరైనా అడిగితే నేనూ అంతే.

ఒక చుట్టం పిల్లాడు ఇంటికెళ్తూ వాంతి చేసుకున్నాడని తెలిసి ఉలిక్కిపడ్డాను. "వాడు కారెక్కితే ప్రతిసారీ అంతే, నువ్వు రాసుకోకు" అంది వాళ్ళమ్మ. మా మరిది మాత్రం గొంతు తగ్గించి, "వదినా, అన్నయ్యకి చెప్పకు, నాక్కూడా అయ్యాయి. సాయంత్రం అయిదింటికి వంటింట్లోకొచ్చి మళ్ళీ ఒక గిన్నెడు కస్టర్డు లాగించా" అన్నాడు. ఎందుకు దాచావంటే, "ఆడవాళ్ళ అరుగుదల అని అన్నయ్య అంటున్నాడుగా, మరి నన్నేమంటాడు?" అని నవ్వాడు. తొమ్మిదిమందిలో మా వదిన ఒక్కతే ఎందుకు బాగుందో కూడా తేలిపోయింది. ఆవిడకి షుగరు. తీపి ముట్టదు.

అత్తగారి వంతు ఆఖరున వచ్చింది. గురువారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, కాగితాలు పట్టుకుని ఆవిడ మంచం పక్కన కుర్చీ లాక్కున్నాను. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ పక్కన పనేమీ లేకుండా కూర్చున్నది అదే మొదటిసారేమో.

"ఆ రోజు మీరేం తిన్నారత్తయ్యా?"

"నేను తింటే ఎంత, తినకపోతే ఎంత. రాసుకో ఏదో ఒకటి."

"ఏదో ఒకటి రాయకూడదు. గుర్తు తెచ్చుకోండి."

కళ్ళు మూసుకుంది. "అన్నం అడుగుది. గట్టిపడిపోయింది. కూరలో ముక్కలెక్కడివి, పులుసు మిగిలింది. అదీ చిన్నకోడలికి వేశాను. కూరగాయలు అప్పటికే అయిపోయాయి. కడుపు నిండాలిగా, ఆ తీపి మూడు గరిటెలు వేసుకున్నా." నేను రాసుకుంటున్నాను. కూర మీద వేసిన నింద ఆవిడ నోటితోనే కొట్టుకుపోయిందని ఆవిడకి తెలియలేదు. నేనూ చెప్పలేదు. రాయడం ఆపి తలెత్తేసరికి నా వైపే చూస్తోంది.

"ఈ మాట నన్నెవరూ అడగలేదే" అంది.

"ఏ మాట అత్తయ్యా?"

"ఏం తిన్నావని. యాభై రెండేళ్ళు అయింది ఈ ఇంటికొచ్చి." గోడకి చెబుతున్నట్టు అంది: "కాన్పులప్పుడు మా అమ్మ పొయ్యి మీంచి దించీ దించగానే పెట్టేది. ముగ్గురు పిల్లలకి మూడు కాన్పులు. అన్నం వేడిగా తిన్నది అప్పుడే."

ఈవిడ నన్ను అన్న మాటలు నా దగ్గర జాగ్రత్తగా ఉన్నాయి. మా అమ్మాయి పుట్టినప్పుడు అన్నది, నేను ఉద్యోగంలో చేరినప్పుడు అన్నది, మొన్న గ్లాసు పట్టుకుని అన్నది. వాటిలో ఒక్కటీ మర్చిపోలేదు. కానీ ఆ పూట ఏ ఒక్కటీ పైకి తీయాలనిపించలేదు. "మూడు గరిటెలు" అని రాసుకున్న చోట గీత గీసి, లేచి, వేడిగా అన్నం వండి తెచ్చి పెట్టాను. తింది.

లెక్క తేలడానికి ఒక్క పూట పట్టింది. అందరూ తిన్నది ఒకే గిన్నెలోని కస్టర్డు. ఒంటిగంటకి, రెండింటికి తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు. నాలుగున్నర తర్వాత తిన్నవాళ్ళంతా పడ్డారు. తినని వదిన పడలేదు. ఆలస్యంగా మళ్ళీ తిన్న మరిది పడ్డాడు. గిన్నె పన్నెండు నుంచి వంటింటి గట్టు మీదే ఉంది. ఆ రోజు ఎండకి వంటిల్లు కొలిమిలా ఉంది. ఫ్రిజ్‌లోనే పెట్టాను నిజానికి. మా ఆయనొచ్చి, "దీన్ని బయట పెట్టు, కూల్‌డ్రింకులు చల్లబడాలి" అని తీయించారు.

ఇక్కడిదాకా రాసి సంతోషపడ్డాను. కాగితం ఆయన ముందు పెట్టే దృశ్యం కూడా ఊహించుకున్నాను. అప్పుడు నా ఎడమచేతి చూపుడువేలు కనపడింది. సగం మానిన గాటు. ఆ రోజు పొద్దున్న ఉల్లిపాయలు తరుగుతుంటే తెగింది. గుడ్డ చుట్టుకుని అదే చేత్తో పళ్ళు కలిపాను. గాయంలోంచి క్రిమి తిండిలోకి దిగుతుందని, గంటల తరబడి వేడిలో ఉంటే విషమవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. రాయకపోతే ఎవరికీ తెలియదు. గిన్నె తోమేశారు, పరీక్ష చేయించడానికి ఏమీ మిగల్లేదు. అరగంట ఆ కాగితం ముందు కూర్చున్నాను. చివరికి రాశాను: "వంట చేసిన మనిషి వేలికి గాయం ఉంది. క్రిమి అక్కడినుంచే వచ్చి ఉండవచ్చు."

శనివారం క్లాసులో చదివాను. తోటివాళ్ళు బల్లలు చరిచారు. మేడం అన్ని కాగితాలూ తిరగేసి, కళ్ళద్దాలు తీసి అడిగింది: "గిన్నెలు ఎవరు తోమారు?"

"మా పనిమనిషి."

"ఆవిడ ఈ నలభై ఒక్కమందిలో ఉందా?"

లేదు. ఇన్ని ఫోన్లు చేసిన నేను, మా పిన్నత్తగారికి తన పళ్ళెం గుర్తులేదని బాధపడిన నేను, పొద్దుట్నుంచి సాయంత్రందాకా నా పక్కన నిలబడి పనిచేసిన మనిషిని లెక్కలో వెయ్యలేదు. ఆవిడ ఆ వారమంతా పనిలోకి రాలేదు. "చెప్పాపెట్టకుండా మానేసింది" అని అత్తగారు సణిగితే, నేనూ విసుక్కుంటూ గిన్నెలు తోముకున్నానే తప్ప ఎందుకు రాలేదని అడగలేదు.

క్లాసు అవగానే బస్సెక్కి వాళ్ళ వీధికి వెళ్ళాను. ఒకటే గది. తలుపు పక్కన నీళ్ళ డ్రమ్ము, తాడు మీద ఆరేసిన బట్టలు. వాళ్ళమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మిగిలింది డబ్బాలో పెట్టి ఇచ్చారు కదమ్మా, ఇద్దరం తిన్నాం" అంది మా పనిమనిషి. "నాకు రెండు రోజుల్లో తగ్గింది. అమ్మకే... రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. బతకదన్నారు మొదట."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "మీ ఇంటి తిండి తిని ఇలా అయిందని ఎలా చెప్తామమ్మా? రేపు మళ్ళీ మీ ఇంటికే రావాలిగా."

తలుపు దగ్గరే నిలబడి, నా వేలి సంగతి, గిన్నె సంగతి అన్నీ చెప్పాను. తప్పు మాదేనన్నాను. "పోన్లెండమ్మా" అంది. ఆ మాట మోస్తూ ఇంటికొచ్చాను. నలభై ఒకటి కొట్టేసి నలభై మూడు రాశాను. జబ్బుపడ్డవాళ్ళ దగ్గర తొమ్మిది కొట్టేసి పదకొండు రాశాను.

రిపోర్టు మా ఆయన ఆదివారం సాయంత్రం చదివారు. నేనే ఇచ్చాను. వేలి గాయం దగ్గర ఆయన కళ్ళు మెరిశాయి.

"చూశావా? నువ్వే రాశావు. నీ చెయ్యే."

"అవును. ఆ తర్వాతి వాక్యం చదవండి."

"'అదే గిన్నెలోంచి ముందు తిన్నవారెవరికీ జబ్బు చెయ్యలేదు...' అయితే? ఫ్రిజ్‌లో పెట్టాల్సింది."

"పెట్టాను. మీరు తీయించారు."

ఆయన పేజీ తిప్పారు. చివర్లో సూచనలుంటాయి. చేతికి గాయమైనవాళ్ళు వంటకి దూరంగా ఉండాలి. తిండి చల్లగా దాచాలి. మూడోది: అందరూ ఒకేసారి తినాలి. అక్కడ ఆగి, కాగితాన్ని వేలితో కొట్టారు.

"ఇదేంటి? ఇది వైద్యమా? మన ఇంట్లో ఆడవాళ్ళని మాడుస్తున్నట్టు ఊరందరికీ చాటుతావా?"

"పేర్లు లేవు. నంబర్లే ఉంటాయి. మీరు పదకొండో నంబరు."

"ఇది తీసెయ్."

"తీయను."

"అయినా మానేస్తానన్నావుగా?"

"మీరన్నారు. నేననలేదు." గొంతు పెంచలేదు. పెంచే శక్తి లేదు. "మానను. ఇంకో ఏడాదే. అలిసిపోయాను, నిజమే. మానేసినా అలిసే ఉంటాను. అలాంటప్పుడు చదివే అలుస్తాను."

ఆయన రిపోర్టు బల్లమీద పడేసి టీవీ పెట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఉప్పు గురించి గానీ, గుండీల గురించి గానీ మాట్లాడలేదు. అసలేమీ మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ బాగా నిద్రపోయాను.

నెల తిరిగింది. ఒక ఆదివారం ఆయన ఆఫీసు వాళ్ళు ఆరుగురు భోజనానికొస్తున్నారన్నారు. "నాకు పన్నెండున్నర దాకా క్లాసుంది. పొద్దున్నే వండి వెళ్తాను. ఒంటిగంటకి వస్తాను, అందరం కలిసి తిందాం" అన్నాను. "బల్లకి కుర్చీలు చాలవు" అన్నారు. "పక్కింట్లో అడిగి తెండి" అన్నాను.

ఒంటిగంటా పదికి ఇంటికి చేరాను. కుర్చీలు తేలేదు. ఆయనా మామగారూ ఆ ఆరుగురూ ఎలాగో సర్దుకుని కూర్చుని సగం తినేశారు. అత్తగారు గరిటె పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతోంది. నన్ను చూసి, "వచ్చావా, ఆ అన్నం ఇటు అందుకో" అన్నారు మా ఆయన. మా అమ్మాయి తన పళ్ళెంతో గదిలో కూర్చుని ఉంది.

గొడవ పడాలంటే ముందు సంచీ దించాలి. సంచీ దించాను. చేతులు కడుక్కున్నాను. గొడవకి బదులు రెండు పళ్ళేలు తీశాను. అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకుని, బల్లమీద ఆయన పక్కన పెట్టాను. ఆవిడని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చి, పీట వేసి కూర్చోబెట్టి, ఆవిడే కాసేపటిక్రితం వండి దించిన అన్నం వడ్డించాను. పొగలు వస్తున్నాయి. నేనూ ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "వాళ్ళది అవ్వనీయవే" అని గొణిగింది. ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. తలుపు వైపే చూస్తోంది. నేను తినడం మొదలుపెట్టాను. ఆకలిగా ఉంది. ఆకలి చచ్చిపోకముందే తింటే ఎలా ఉంటుందో మర్చిపోయాను.

రెండు ముద్దలయ్యాక ఆవిడా తింది. అప్పుడు ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది. "అమ్మా! కూర!"

అత్తగారు చెయ్యి నేలకి ఆనించి లేవబోయింది. నేను ఆపలేదు. పళ్ళెం వైపు ఒకసారి చూసుకుంది, తలుపు వైపు ఒకసారి. "అమ్మా, వినపడట్లేదా?" అన్నారాయన మళ్ళీ.

ఆవిడ మళ్ళీ సర్దుకుని కూర్చుంది. నోట్లో ముద్ద మింగి, ఆరుగురు పరాయివాళ్ళూ వినేలా గట్టిగా అంది:

"మేం తింటున్నాం."